ఎంకమ్మ మనసులో కొట్టిన రొట్టె

గద్వాల పాత బస్టాండు వెనక సందులో ఇరవై రెండేళ్ళు జొన్నరొట్టెలు చేసి అమ్మిన ఎంకమ్మ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఎవరూ అడగనివి రాయడం తెలుగు పండితులకు పాత రోగం. అదీగాక, ఆమె విషయంలో నేనొక పొరపాటు చేశాను. అది నలుగురి ముందూ ఒప్పుకుంటే తప్ప నాకు నెమ్మది లేదు.

ఆమె పుట్టింది గట్టు అనే ఊళ్ళో. పెళ్ళై గద్వాలకు వచ్చింది. భర్త దశరథం మార్కెట్ యార్డులో హమాలీ. వేరుశనగ బస్తాలు మోసీ మోసీ అతని మెడ భుజాల్లోకి దిగిపోయింది. మాట కూడా దాంతోపాటే లోపలికి దిగిపోయిందని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆ ఇంట్లో మాటలన్నీ ఎంకమ్మవే. ఒక్కగానొక్క కూతురు జయశ్రీని నాగర్‌కర్నూల్లో ఇచ్చాక, ఆ మాటలు వినడానికి దశరథం, నేను, గోడ అవతల పిండిగిర్ని నడిపే బాబా మిగిలాం.

నా భార్య పోయిన తర్వాత నాకు రాత్రి భోజనం ఎంకమ్మ రొట్టెలే. ముద్దను పీట మీద పెట్టి అరచేత్తో కొడుతుంటే అది గిరగిరా తిరుగుతూ వెడల్పయ్యేది. పెంక మీద వేసేటప్పుడు రొట్టె వైపు చూసేది కాదు, నా వైపు చూసి తిట్టేది. ఒకసారి అంచు కాస్త మందంగా ఉందన్నాను. "సార్, నువ్వు బళ్ళె పిల్లలకు జెప్పు. రొట్టె సంగతి నాకు జెప్పకు" అంది. తర్వాత వారం రోజులు నాకు కావాలనే మందం రొట్టెలు ఇచ్చింది. నేను నోరెత్తకుండా తిన్నాను.

రెండువేల ఏడులో, వానాకాలం మొదట్లో, ఒక పొద్దున ఎంకమ్మ పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. కర్నూలు పెద్ద దవాఖానాలో నెల రోజులున్నారు. మెదడు అడుగున ఒక నరంలో నెత్తురు గడ్డకట్టిందన్నారు. ఆమెకు అన్నీ వినిపిస్తాయి, అన్నీ తెలుస్తాయి, కానీ కాలూ చెయ్యీ నాలుకా ఏదీ కదలదు అన్నారు. కదిలేవి కళ్ళు మాత్రమే. అవి కూడా పైకీ కిందికే, పక్కకు తిరగవు. ముక్కులోంచి గొట్టం వేసి, గంజీ నీళ్ళూ ఎలా పొయ్యాలో దశరథానికి నేర్పించి ఇంటికి పంపారు.

అంత మాటకారి అలా పడుకుని ఉంటే చూడలేక నేను నాలుగు రోజులు ఆ ఇంటి గడప తొక్కలేదు. నాకు సిగ్గుగా ఉంది కానీ నిజం అదే. అయిదో రోజు వెళ్ళేసరికి దశరథం మంచం పక్కన కూర్చుని "అవునంటే మీదికి సూడు ఎంకా, కాదంటే కిందికి సూడు" అంటున్నాడు. ఆమె కళ్ళు పైకి లేచాయి. ఏ డాక్టరూ అతనికి ఆ ఉపాయం చెప్పలేదు. పదాలు పొదుపుగా వాడే మనిషికి ఒక్క చూపుతో పని జరుపుకోవడం తెలిసే ఉంటుంది.

దాంతో చాలా పనులు నడిచాయి. దాహమా, అవును. చలా, కాదు. కానీ రోజూ పొద్దు వాలే వేళకు ఎంకమ్మ కళ్ళు ఆగేవి కావు. ఎవరూ ఏమీ అడగకుండానే పైకీ కిందికీ, పైకీ కిందికీ కొట్టుకునేవి. ఏదో చెప్పాలి ఆమెకు. దశరథం అడిగేవాడు. నీకు నీళ్ళా? నీకు నొప్పా? నీకు బిడ్డను చూడాలని ఉందా? అన్నిటికీ కళ్ళు కిందికే. జయశ్రీ వచ్చి అడిగింది. నేనైతే నోటు పుస్తకంలో నూట నలభై ప్రశ్నలు రాసుకుపోయి వరసగా అడిగాను. అన్నీ కాదు. చివరికి ఆమె కంటి మూల నుంచి నీళ్ళు చెవిలోకి కారేవి. దశరథం తువ్వాలు కొసతో తుడిచేవాడు.

"సార్, ఏందో అడుగుతుంది నన్ను. నా మొకమే సూస్తది. నాకు సమజైతలేదు" అన్నాడొక రోజు, బయట అరుగు మీద. "గది తెల్వకుంటనే ఆమె పోతే, నేనెట్ల బతుకుత సార్?"

అంత పొడుగు మాట అతని నోట నేను విన్నది అదే మొదటిసారి.

ఈలోగా ఇంటిపని అంతా దశరథం మీద పడింది. గొట్టంలో గంజి పోయడం, వీపు పుండు పడకుండా గంటకోసారి పక్క తిప్పడం, తల దువ్వడం అన్నీ చక్కగా నేర్చుకున్నాడు. రాని పని ఒక్కటే, వంట. తన వంట ఎవరూ చూడకూడదని సాయంత్రం తలుపు మూసుకునేవాడు. రొట్టెలు ఎలా వస్తున్నాయంటే "మంచిగనే వస్తున్నయి" అనేవాడు. కానీ బాబాతో మాత్రం రోజూ తగువే. పిండి బరకగా పడుతోందనీ, గిర్ని రాళ్ళు అరిగిపోయాయనీ. బాబా పాపం రాళ్ళు బాగు చేయించాడు కూడా. బాబా భార్య హలీమాబీ కూర పంపితే గిన్నె కడిగి ఇచ్చేవాడు తప్ప ఆడవాళ్ళను వంట సంగతి ఒక్క ముక్క అడిగేవాడు కాదు. ఆ మొహమాటంలో నేను అతనికేమీ తీసిపోను. నేనూ హోటలు ఇడ్లీలకు మారాను కానీ, జొన్నపిండి ఎలా కలుపుతారో ఎవరినీ అడగలేదు.

మరుసటేడు చలికాలంలో మహిపాల్ వచ్చాడు. అతనిది కోడేరు. వనపర్తిలో హైస్కూలు చదువుతున్నప్పుడు నా దగ్గర సంధులూ సమాసాలూ తప్పులతో నేర్చుకున్నవాడు. ఇప్పుడు హైదరాబాదులో ఒక ఇంజనీరింగు కాలేజీలో పరిశోధన చేస్తున్నాడు. ఒళ్ళు కదలని మనిషి ఎవరైనా తెలుసా అని నన్నే అడగడానికి వచ్చాడు. ముందు కోపం వచ్చింది, మనుషులు దొరికేది సంతలోనా అని. తర్వాత చెప్పమన్నాను.

అతను చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. మనం కుడిచెయ్యి కదపాలనుకోగానే తలలో ఎడమవైపు, చెవికి కాస్త పైన, సన్నని కరెంటు మారుతుంది. ఎడమచెయ్యికైతే కుడివైపు. చెయ్యి కదలకపోయినా సరే, కదపబోయే ఆ ప్రయత్నం అక్కడ తెలుస్తుంది. తలకు తీగల టోపీ పెట్టి ఆ మార్పును కంప్యూటరుకు అందిస్తే, తెర మీది బంతి కుడికో ఎడమకో పోతుంది. బంతి చెప్పినట్టు వింటే తెర మీద ఎనిమిది బొమ్మలు పెట్టవచ్చు. సగం ఇటు, సగం అటు. మూడుసార్లు ఎంచుకుంటే ఒక బొమ్మ మిగులుతుంది. అక్షరం ముక్క రాని ఎంకమ్మకు బొమ్మలే అక్షరాలు.

దశరథం అంతా విని ఒక్కటే అడిగాడు. "గది పెడితే, ఆమె మనసుల మాట బైటికొస్తదా బిడ్డా?"

"కొంచెం వస్తది కాకా" అన్నాడు మహిపాల్. ఆ 'కొంచెం' అన్నందుకు నాకు వాడి మీద గౌరవం పెరిగింది.

ఎంకమ్మను అడిగాం. కళ్ళు పైకి లేచాయి.

మహిపాల్ ప్రతి శనివారం బస్సులో పెట్టె ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాడు, ఆదివారం సాయంత్రం పోయేవాడు. కాలేజీ వాళ్ళు ఆ మిషను నాలుగు వారాలకే ఇచ్చారు. టోపీ కింద తలంతా జిగురు లాంటి మందు పెట్టాలి. అది ఆరితే జుట్టు అట్టలు కడుతుంది. దశరథం ప్రతి సోమవారం కుంకుడురసంతో ఆమె తల కడిగి, పొద్దంతా ఆరబెట్టి జడ వేసేవాడు. గోడ అవతల గిర్ని మోటారు తిరుగుతుంటే దాని కరెంటు వచ్చి గీతల్లో కలుస్తోందంటే, బాబా ఆదివారాలు గిర్ని బందు పెట్టి, పిండి కోసం వచ్చినవాళ్ళను తిప్పి పంపి, తానూ వచ్చి మా పక్కన కూర్చున్నాడు.

ఇక నా పొరపాటు. ఏం చెయ్యాలో ఎంకమ్మకు చెప్పడం మహిపాల్‌కు రాలేదు. వాడు "ఇమాజిన్ చెయ్యాలె పెద్దమ్మా" అంటున్నాడు. నేను అడ్డుపడి, తప్పుకోరా అని ముందుకొచ్చాను. "ఎంకమ్మా, నీ కుడిచేతిని కదిలిస్తున్నట్టు ఊహించుకో" అన్నాను. అర్థమైందా అంటే కళ్ళు కిందికి. సరే, సులభం చేద్దామని, "ఊహించుకోవడమంటే అనుకోవడం. కుడిచెయ్యి లేపుతున్నా అని అనుకో. అంతే" అన్నాను. కళ్ళు పైకి. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత తేలిగ్గా ఎవరికీ పాఠం చెప్పలేదని మురిసిపోయాను.

మూడు వారాలు బంతి ఊగులాడింది. కుడి అంటే ఎడమకు, ఎడమ అంటే మధ్యలో. మహిపాల్ తీగలు మార్చాడు, మందు మార్చాడు, కరెంటు పోయినప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఎంకమ్మ నుదుటిన చెమట పట్టేది. ఆమె ప్రయత్నించడం లేదని అనడానికి లేదు. మూడో ఆదివారం మధ్యాహ్నం మహిపాల్ నన్ను అరుగు మీదికి తీసుకుపోయి, "కొందరికి అస్సలు రాదు సార్, ఎందుకో మాకూ తెల్వదు" అన్నాడు. లోపల దశరథం వింటున్నాడని మా ఇద్దరికీ తెలుసు.

మేము మళ్ళీ లోపలికి వెళ్ళాం. నేను మళ్ళీ "అనుకో ఎంకమ్మా, గట్టిగా అనుకో" అని మొదలుపెట్టాను. అప్పుడు బాబా గొంతు సవరించుకున్నాడు.

"పంతులు సాబ్, నాకొక శక్, అనుమానం. మీరు పొద్దుగాల సంది అనుకో, అనుకో అంటున్రు. ఆమె అనుకుంటనే ఉన్నదేమో పాపం. నేను గూడ నా గిర్ని నడుస్తుంది, నడుస్తుంది అని అనుకుంటున్న. నడుస్తుందా?"

వంగి అడిగాను. "ఎంకమ్మా, కుడిచెయ్యి లేపుతున్నా అనే మాటను మనసులో అనుకుంటున్నావా? పదే పదే?"

కళ్ళు పైకి లేచాయి.

మూడు వారాలు ఆమె ఆ మాటను జపం చేసినట్టు చేసింది. కుడిచెయ్యి లేపుతున్న, కుడిచెయ్యి లేపుతున్న. నేను చెప్పింది చెప్పినట్టే చేసింది. అనుకో అంటే భావించు అని నాకు తెలుసు. నీలో నువ్వు అను అని కూడా నాకు తెలుసు, వ్యాకరణం నేనే కదా చెప్పేది. రెండోది ఆ క్షణంలో తట్టలేదు. మాటలు పుట్టే చోటు వేరు, చేతులు లేచే చోటు వేరు. టోపీ చేతుల కోసం వెతుకుతుంటే ఆమె నా మాటలు వల్లె వేస్తోంది. నేను నోరు మూసుకుని ఉంటే ఎప్పుడో తేలేది ఈ సంగతి.

"మరెట్ల చెప్పాలె సార్?" అన్నాడు మహిపాల్.

దశరథం లేచాడు. పళ్ళెంలో జొన్నపిండి వేసి, కుండలోని నీళ్ళు పోసి ముద్ద చేసి, పీట తెచ్చి మంచం ముందు ఆమెకు కనబడేలా పెట్టాడు. "ఎంకా, ఏం అనుకోకు. రొట్టె కొట్టు" అన్నాడు.

బంతి కదిలింది. ఊగులాడుతూ కాదు, నేరుగా కుడివైపు అంచుదాకా పోయి ఆగింది. మహిపాల్ కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు.

"మరి ఎడమచెయ్యికి?" అన్నాడు మెల్లగా. దశరథం ఆలోచించాడు. కుడిచేత్తో రొట్టె కొడుతూ ఆమె ఎడమచేత్తో ఏం చేసేదో గుర్తు తెచ్చుకున్నాడు. "ఎంకా, పొయ్యిల పుల్ల ఎగదొయ్యి."

బంతి ఎడమకు పోయింది.

పదికి పదీ కాదు. ఏడుసార్లో ఎనిమిదిసార్లో చెప్పినట్టు పోయేది. అయినా ఆ సాయంత్రం బాబా చాయ్ తెప్పించాడు, నేను బిస్కెట్లు తెప్పించాను. ఎంకమ్మ అలసిపోయి కళ్ళు మూసుకుంది.

నాలుగో ఆదివారం ఆఖరిది. మహిపాల్ ఎనిమిది బొమ్మలు తెచ్చాడు. నీళ్ళ గ్లాసు, మందు సీసా, ఫ్యాను, దుప్పటి, జయశ్రీ ఫోటో, నొప్పితో మూలిగే మొహం, దేవుడి పటం, ఆకలికి గుర్తుగా మండే పొయ్యి. ఏ బొమ్మ దేనికో ఒక్కొక్కటీ ఎంకమ్మకు చెప్పాడు. దశరథం పోయిన వారంలాగే పిండిముద్ద కలిపి ఆమె ముందు పెట్టాడు.

మొదటి బొమ్మ రావడానికి చాలాసేపు పట్టింది. నీళ్ళ గ్లాసు. దశరథం పరుగున పోయి గొట్టంలో నీళ్ళు పోశాడు. "గిదేనా నువ్వు అడుగుతున్నది?" కళ్ళు కిందికి. మళ్ళీ మొదలుపెట్టారు. పొయ్యి వచ్చింది. ఆకలా అంటే, కిందికి. మూడోసారి ఫ్యాను. ఉక్కగా ఉందా అంటే, కిందికి. నాలుగోసారి మళ్ళీ నీళ్ళు. అయిదోసారి మళ్ళీ పొయ్యి. ఏది వచ్చినా, అడిగితే కళ్ళు కిందికే.

మహిపాల్ మొహం వాడిపోయింది. "గుడ్డిగ పోతుంది సార్. ఆమె కోరింది ఒకటి, మిషను చూపేది ఒకటి. ఇగ అలసిపోతది, తీసేద్దాం" అని టోపీ మీద చెయ్యి వేశాడు. ఎంకమ్మ కళ్ళు పైకీ కిందికీ కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

దశరథం అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఉండు బిడ్డా. మిషన్ మంచిగనే ఉంది. ఆమె ఒకటే మాట రెండుసార్లు జెప్పింది. నీళ్ళు, పొయ్యి. నీళ్ళు, పొయ్యి." ఆమె వైపు వంగాడు. "ఉడుకు నీళ్ళా ఎంకా?"

కళ్ళు పైకి లేచాయి.

పదిహేడు నెలల తర్వాత ఆ ఇంట్లో సాయంకాలపు ప్రశ్నకు మొదటి అవును అది. దశరథం తొందర తొందరగా అడిగాడు. నీకు ఉడుకు నీళ్ళ తానమా? కిందికి. నీకు ఉడుకు నీళ్ళు తాగబుద్ధైతుందా? కిందికి. నీ కాళ్ళకు కాపడమా? కిందికి. మళ్ళీ దారి మూసుకుపోతోంది.

అప్పుడు నా నోటు పుస్తకం గుర్తొచ్చింది. నూట నలభై ప్రశ్నల్లో ప్రతిదీ ఒకే మాటతో మొదలైంది. నీకు, నీకు, నీకు. మంచాన పడ్డ మనిషి తన కోసం తప్ప ఇంకేం అడుగుతుందని మాలో ఒక్కరికీ తోచలేదు.

"ఎంకమ్మా, ఆ ఉడుకు నీళ్ళు నీకేనా?" అన్నాను.

కిందికి.

"దశరథానికా?"

పైకి.

"నాకా? నాకెందుకు ఉడుకు నీళ్ళు?" అని దశరథం అయోమయంగా చుట్టూ చూశాడు. పొయ్యిని చూశాడు. కుండను చూశాడు. పీట మీద, తాను ఇందాక కుండలోని చల్లనీళ్ళతో కలిపి పెట్టిన పిండిముద్ద అంచులన్నీ పగిలి ఉంది. దాన్ని వేలితో తాకి చూశాడు.

"పిండిలనా?" అన్నాడు.

ఎంకమ్మ కళ్ళు పైకి లేచి, అక్కడే నిలిచిపోయాయి. కిందికి దిగలేదు.

అప్పుడు బయటపడింది అంతా. పదిహేడు నెలలుగా ప్రతి సాయంత్రం తలుపు మూసుకుని అతను చల్లనీళ్ళతో జొన్నపిండి కలిపాడు. మరిగే నీళ్ళు పొయ్యనిదే జొన్నపిండికి జిగి రాదు, ఒక్క రొట్టే నిలవలేదు. పెంక మీద వేసేలోపే ముక్కలయ్యేది. ఆ మాడిన ముక్కల్నే పచ్చిపులుసులో నానేసుకుని తిని పడుకున్నాడు. నాలుగడుగుల దూరంలో, మంచం మీంచి, ఇరవై రెండేళ్ళు రొట్టెలు చేసిన మనిషి అదంతా రోజూ చూసింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ ఒక్క మాటకు ఆమెకు నోరు లేదు.

మహిపాల్ తీగలు చుడుతూ నా చెవిలో అన్నాడు. "సార్, గీ బొమ్మలు అట్టకు అతికించి, ఒక్కొక్కటి చూపించి అడిగినా ఆమె కండ్లతోనే చెప్తుండె. గింత మిషను ఎందుకు?"

"అతికించామా మరి?" అన్నాను, కాస్త కోపంగానే. వాడి మీద కాదు ఆ కోపం. ఎవరూ అతికించలేదు. వాడు హైదరాబాదు నుంచి పెట్టె మోసుకొచ్చి ఆమె ముందు ఎనిమిది బొమ్మలు పెట్టేదాకా, ఎంచుకునే పని ఆమెకు వదలాలని మాకు తోచలేదు. ఆ అట్ట తర్వాత నేనే చేశాను. ఎంకమ్మ బతికిన ఇంకో రెండేళ్ళూ అదే వాడాం. బొమ్మలు ఎనిమిది నుంచి అరవైకి పెరిగాయి. అందులో నా బొమ్మా ఒకటి చేర్చమని ఆమే చెప్పింది, తిట్టడానికే అనుకుంటాను.

కానీ ఆ ఆదివారం సాయంత్రం ఇంకా అయిపోలేదు. దశరథం పొయ్యి ముట్టించి గిన్నెతో నీళ్ళు పెట్టాడు. తలుపు మూయలేదు. నీళ్ళు మరిగాక పిండిలో పోసి, వేళ్ళు కాలుతున్నా ఆపకుండా కలిపాడు. మధ్యలో రెండుసార్లు ఆగి మంచం వైపు చూశాడు. రెండుసార్లూ కళ్ళు పైకి లేచాయి. పీట మీద ముద్ద పెట్టి కొట్టాడు. వంకరటింకరగా ఉంది, అంచు మందంగా ఉంది, కానీ పగల్లేదు. పెంక మీద వేశాడు. అది పొంగింది. బాబా, నేను, మహిపాల్ పొయ్యి చుట్టూ మూగాం.

దశరథం రొట్టెను రెండు చేతులతో పట్టుకుని ఆమె మొహం దగ్గరికి తెచ్చి చూపించాడు.

"గీ రొట్టె కోసమా ఎంకా? నా తిండి కోసమా, గిన్ని దినాల సంది ఏడ్సినవు?"

ఆమె కళ్ళు పైకి లేచాయి. అతను మంచం పక్కన నేల మీద కూలబడి, రొట్టె ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. మేము ముగ్గురం ఎటు చూడాలో తెలియక నిలబడ్డాం. కాసేపటికి అతను తల ఎత్తి చూస్తే, ఆమె కళ్ళు ఇంకా పైకే ఉన్నాయి. అతను ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు ఆమె కళ్ళు దించింది.